పప్పు లేని పోపు: క్యాంపు వంటగదిలో పేలియో తిండి



ఈ వారం ఎపిసోడ్ పేలియో వంటల మీద. బస్సులో సగమే విన్నోళ్ళు, కొలతలు రాసుకోలేకపోయినోళ్ళు ఉంటారు కదా, వాళ్ళ కోసం ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నా. వంటల్లోకి పోయే ముందు ఒక సంగతి చెప్పాలి. నేను ఈ ఎపిసోడ్ చేయడానికి కారణమే అది.

అప్పుడు షార్జాలో మా రూమ్‌లో ఆరుగురం ఉండేవాళ్ళం. జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన అన్న ఒకాయనకు షుగర్. ఊరి నుంచి ఎవరో వీడియో పంపితే చూసి, తెల్లారి నుంచే అన్నం బంద్ పెట్టాడు. పొద్దున ఎప్పటిలాగే షుగర్ గోలీ వేసుకుని, రెండు గుడ్లు తిని సైటుకు వచ్చాడు. పదకొండు గంటలకు చేతులు వణుకుతున్నాయి, ఒళ్ళంతా చెమట, ఏం అడిగినా సంబంధం లేని జవాబు. మేమంతా ఎండదెబ్బ అనుకుని నీడకు తీసుకుపోయి నీళ్ళు చల్లుతున్నాం. మలయాళీ ఫోర్‌మన్ ఒకాయన వచ్చి, "ఇతనికి షుగర్ ఉందా?" అని అడిగి, తన దగ్గరున్న మామిడి జ్యూస్ తాగించాడు. పావుగంటలో మనిషి మామూలయ్యాడు. ఎండ కాదు, షుగర్ పడిపోయింది. గోలీ తన పని తాను చేసింది, దానికి సరిపడా అన్నం మాత్రం కడుపులో లేదు.

ఆ రోజు సాయంత్రం ఆ అన్న అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "అన్నం మానెయ్యమన్నరు గానీ, దాని జాగల ఏం తినాలెనో ఎవలు చెప్పలె తమ్మీ."

అసలు పేలియో అంటే ఏంటి?

పాతరాతియుగం మనిషి, అంటే సుమారు పదివేల ఏళ్ళ కింద వ్యవసాయం మొదలు కాకముందు మనిషి, ఏం తిన్నాడో అలాంటివే తినాలనే ఆలోచన ఇది. 1975లో వాల్టర్ వోగ్ట్‌లిన్ అనే అమెరికా డాక్టర్ దీని మీద పుస్తకం రాశాడు. 1985లో ఈటన్, కానర్ అనే ఇద్దరు ఒక పెద్ద వైద్య పత్రికలో వ్యాసం రాశారు. 2002లో లోరెన్ కార్డెయిన్ పుస్తకం వచ్చాక మామూలు జనంలోకి బాగా వెళ్ళింది. రాతియుగం మనిషి ఒక్కో చోట ఒక్కో రకంగా తిన్నాడు కాబట్టి ఈ వాదనలో బొక్కలు చాలానే ఉన్నాయి. ఆ పంచాయితీ పక్కన పెడదాం. తినేవి: మాంసం, చేపలు, గుడ్లు, కూరగాయలు, పండ్లు, గింజలు. తిననివి: బియ్యం, గోధుమ, జొన్న లాంటి ధాన్యాలన్నీ, పప్పులన్నీ, పాలు, పెరుగు, చక్కెర, రిఫైన్డ్ నూనెలు.

మనోళ్ళు ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. పేలియో అంటే పిండిపదార్థం అసలు తినకపోవడం అనుకుంటారు. అది కీటో. మన దగ్గర వీరమాచనేని రామకృష్ణ గారి పేరుతో నడిచిన పద్ధతి కూడా పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు పెంచేదే. పేలియోలో దుంపలు తినొచ్చు, అరటిపండు తినొచ్చు, ఖర్జూరం తినొచ్చు. ఎండలో బరువులు మోసే మనిషికి ఈ తేడా చిన్నది కాదు.

ఒక లెక్క చూడండి. కష్టం చేసే మనిషి రోజుకు 400 గ్రాముల బియ్యం వండుకుని తింటాడు అనుకుందాం. 100 గ్రాముల బియ్యానికి దాదాపు 350 కేలరీలు, అంటే మొత్తం 1400. గుడ్డుకు 70 కేలరీలు. అన్నం తీసేసి ఆ జాగాను గుడ్లతోనే నింపాలంటే 20 గుడ్లు తినాలి! రెండు గుడ్లు తిని సైటుకు పోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అందుకే నా సలహా ముందు దుంప. కోస్తాలో చిలగడదుంప, రాయలసీమలో గెనుసుగడ్డ, మా దిక్కు కందగడ్డ అనీ మొరంగడ్డ అనీ అంటాం. అరబ్బు కూరగాయల దుకాణంలో బటాటా హిల్వా అని అడగండి. ఉడికించిన అరకిలో గడ్డకు దాదాపు 400 కేలరీలు వస్తాయి. తొక్కతోనే ఉడికించండి, లేకపోతే నీళ్ళు పట్టి చప్పగా అవుతుంది. ఉడికాక ముక్కలు కోసి, కొబ్బరినూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు వేసి ఒక తిప్పు తిప్పి, ఉప్పు, నిమ్మకాయ పిండితే కూర లేకున్నా దిగుతుంది. ఆలుగడ్డ మీద పేలియో వాళ్ళలోనే రెండు వర్గాలున్నాయి, కార్డెయిన్ అయితే వద్దనే అన్నాడు. చామగడ్డ, కంద ఇండియన్ దుకాణాల్లో దొరికితే తెచ్చుకోండి.

పోపులో పప్పు

మన వంటలో పప్పు ఎక్కడెక్కడ దాక్కుందో పేలియో మొదలుపెట్టాకే తెలుస్తుంది. పప్పు, సాంబారు మానేస్తాం సరే. మరి పోపులో శనగపప్పు, మినపప్పు? క్యాబేజీ వేపుడులో పెసరపప్పు? కొబ్బరి చట్నీలో పుట్నాలు? కారప్పొడిలో సగం పప్పులే. ఇడ్లీ, దోసెలకు దారే లేదు, వాటి కోసం తాపత్రయపడొద్దు.

పేర్లు చూసి కూడా మోసపోవద్దు. జీడిపప్పు, బాదంపప్పు పేరుకే పప్పులు, గింజల కింద లెక్క, తినొచ్చు. పల్లీలు మాత్రం చిక్కుడు జాతి, పేలియోలో కుదరవు. అంటే పల్లీ చట్నీ పోయినట్టే. దాని బదులు నువ్వులు వేయించి, ఎండుమిర్చి, చింతపండు, ఎల్లిగడ్డ, ఉప్పు వేసి నూరుకోండి. మిక్సీ లేని రూముల్లో గ్లాసు అడుగుతో దంచుకున్నా సరిపోతుంది, మేం అలాగే చేసేవాళ్ళం. మెంతులు, చింతపండు కూడా చిక్కుడు జాతి చెట్ల నుంచే వస్తాయి. చిటికెడు మెంతులకు, పండు గుజ్జుకు నేనైతే గొడవ పెట్టుకోను.

ఇంకో మంచి మాట. మన వంటల్లో చాలా వాటిని మార్చే పనే లేదు. చేపల పులుసు చూడండి. చేప, ఉల్లిగడ్డ, చింతపండు, కారం, ధనియాలు. చివర్లో వేసే బెల్లం ముక్క ఆపేస్తే చాలు. మా ఇంట్లో పులుసు చిక్కగా రావడానికి పల్లీలు, నువ్వులు కలిపి నూరి వేస్తారు. ఇక్కడ నువ్వులు, ఎండుకొబ్బరి మాత్రమే వేయండి. అరకిలో చేపకు రెండు చెంచాల నువ్వులు, అంతే కొబ్బరి. ఉల్లిగడ్డను మంట మీద కాల్చి నూరితే పులుసు రంగే వేరు. వంజరం రేటు మనకు అందదు, మలయాళీలు మత్తి అని పిలిచే కవళ్ళు చవక, రుచికి ఏం తక్కువ కాదు. ముల్లు మెత్తబడేదాకా సన్నని మంట మీద ఉంచండి.

గోంగూర మాంసం, టమాట కోడిగుడ్డు, కోడి వేపుడు, సొరకాయ కూర, అన్నీ ఇంతే. పెరుగు, చక్కెర, కార్న్‌ఫ్లోర్ వేయొద్దు. బయట తెచ్చే మసాలా ప్యాకెట్ మీద మాత్రం ఒకసారి చదవండి, కొన్నింటిలో చక్కెర, పిండి కలిపి ఉంటాయి.

పచ్చిపులుసు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చింతపండు రసం, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కాల్చిన పచ్చిమిర్చి, కొత్తిమీర, జీలకర్ర, ఉప్పు. పొయ్యి పనే లేదు. పెరుగు లేదని ఏడ్చేవాళ్ళకు ముద్ద చివర్లో ఇదే దిక్కు. నిజం చెప్పాలంటే పెరుగు మానడం నా వల్ల కాలేదు. ఆగస్టులో సైటు నుంచి వచ్చినోడికి మజ్జిగ వద్దని ఏ రాతియుగం మనిషి చెప్పినా నేను వినను.

అన్నం లాంటిది కావాలంటే గోబీపువ్వు. ముందే కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టండి, తడి ఉంటే ముద్ద అవుతుంది. తురిమి, వెడల్పు మూకుడులో కొంచెం నూనె వేసి, మూత పెట్టకుండా పెద్ద మంట మీద ఐదారు నిమిషాలు వేయించండి. ఉప్పు దించే ముందే వేయాలి. దీంతో నిమ్మకాయ పులిహోర బాగుంటుంది. పోపులో పప్పులు, పల్లీలు లేకుండా ఆవాలు, జీడిపప్పు, పచ్చిమిర్చి, కరివేపాకు, పసుపు. అయితే ఇది కడుపు నింపుతుంది గానీ బలం ఇవ్వదు, కేలరీలు చాలా తక్కువ. ఆఫీసు పని చేసేవాళ్ళకు సరే. సైటు మనిషి దీని మీదే ఆధారపడొద్దు.

మెస్ లెక్క ఎలా?

రూమ్‌లో ఆరుగురు కలిసి మెస్ నడుపుతుంటే, ఒకడు పేలియో మొదలుపెట్టగానే గొడవ మొదలవుతుంది. వాడికి మాంసం ముక్కలు ఎక్కువ కావాలి, బియ్యం డబ్బులు మాత్రం సమానంగా ఇస్తున్నాడు. వేరే వండుకుందామంటే వంటగదిలో వంతు దొరకదు. మా రూమ్‌లో చివరికి కుదిరిన పద్ధతి ఇది. కూర అందరిదీ, అన్నం ఎవరిది వాళ్ళది. అంటే కూరలో పల్లీలు, పప్పు, బెల్లం వేయకుండా అందరికీ ఒకటే వండాలి, ఎవరికీ తేడా తెలీదు. పేలియో మనిషి తన గడ్డలు, గుడ్ల ట్రే తన డబ్బులతో తెచ్చుకుంటాడు, బియ్యంలో వాటా ఇవ్వడు. గడ్డలు ముందు రాత్రే ఉడికించుకుని ఫ్రిజ్‌లో పెట్టుకుంటే పొయ్యి దగ్గర పది నిమిషాలు చాలు.

ఇళ్ళల్లో పనిచేసే అక్కలకు వేరే కష్టం, వండేది వాళ్ళే అయినా వంట ఏంటో చెప్పేది ఇంకొకరు. ఒక రకంగా మీకు సులువు కూడా. కాల్చిన మాంసం, చేప, సలాడ్ ఆ ఇంట్లో ఉండనే ఉంటాయి. కుబూస్, అన్నం పక్కకు పెట్టి ఖర్జూరం, పండు తీసుకోండి. చాలదనిపిస్తే అన్నం తినండి, మాడి చావొద్దు.

మధ్యాహ్నం డబ్బా గురించి జాగ్రత్త. తెల్లవారుజామున నాలుగుకు కట్టిన కోడికూర, పన్నెండున్నరకు ఎండలో తెరిస్తే అది తిండి కాదు, వాంతులకు దారి. వండిన మాంసం, గుడ్డు బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, 32 డిగ్రీలు దాటిన వేడిలో గంట కూడా ఎక్కువే. సైటులో ఫ్రిజ్ గానీ ఐస్ డబ్బా గానీ లేకపోతే మాంసం రాత్రి భోజనానికే. పగటికి అరటిపండ్లు, ఖర్జూరం, బాదం, జీడిపప్పు పెట్టుకోండి. పిడికెడు బాదంకు, అంటే 30 గ్రాములకు, 170 కేలరీల దాకా వస్తాయి.

గోలీలు వేసుకునేవాళ్ళు ఇది వదలకుండా చదవండి

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి గోలీలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు ఉన్నట్టుండి అన్నం తగ్గిస్తే షుగర్ పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకు ఆ భయం తక్కువ. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్ళకు ఇంకో ప్రమాదం ఉంది. పిండిపదార్థం బాగా తగ్గించి, ఎండలో నీళ్ళు కూడా చాలకపోతే, మీటర్‌లో షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో ఆమ్లం పెరిగి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం రావచ్చు. అప్పుడు ఆస్పత్రికే పోవాలి. మీ గోలీ అట్ట ఫోటో తీసి డాక్టర్‌కు చూపించి, "నేను అన్నం తగ్గిస్తున్నా, డోసు మార్చాలా?" అని అడగండి. సొంతంగా గోలీ ఆపొద్దు, సొంతంగా అన్నమూ ఆపొద్దు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాంసం పెంచే ముందు, బీపీ గోలీలు వాడేవాళ్ళు ఉప్పు మార్చే ముందు కూడా అడగాల్సిందే.

షుగర్ పడిపోతే వణుకు, చెమట, గుండెదడ, తికమక. ఎండదెబ్బలాగే కనిపిస్తుంది, మేం పొరపడింది అందుకే. తెలివిలో ఉంటే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి, లేదా సగం గ్లాసు జ్యూస్. డైట్ డ్రింకులు పనికిరావు. పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి, తగ్గాక తిండి పెట్టండి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, అంబులెన్స్ పిలవండి: యూఏఈలో 998, సౌదీలో 997, ఖతార్, బహ్రెయిన్‌లలో 999, కువైట్‌లో 112, ఒమన్‌లో 9999.

జబ్బులేవీ లేనివాళ్ళకు కూడా, అన్నం తగ్గించిన మొదటి వారం ఒంట్లోంచి నీళ్ళు, ఉప్పు ఎక్కువగా పోతాయి. తలనొప్పి, పిక్కలు పట్టేయడం అందుకే. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదనే నియమం ఉంది. ఆ నెలల్లో మాత్రం ఈ ప్రయోగాలు మొదలుపెట్టకండి, చలికాలంలో చూసుకోండి. ఎండ తగిలి ఓఆర్‌ఎస్ ఇస్తే, "అందులో చక్కెర ఉంది, నేను పేలియో" అని తిప్పి పంపొద్దు.

మా జగిత్యాల అన్న తర్వాత క్లినిక్‌కు పోయి గోలీ డోసు మార్పించుకున్నాడు. అన్నం పూర్తిగా మానలేదు, రాత్రి ఒక చిన్న గిన్నెడు, పగలు గడ్డలు, పండు. పేలియో వాళ్ళు చూస్తే ఒప్పుకోరు. సెలవు రోజు మత్తి పులుసు వంతు మాత్రం ఇంకెవరికీ ఇచ్చేవాడు కాదు, ఉల్లిగడ్డలు కాల్చేటప్పుడు పొగకు పక్క రూమ్ వాళ్ళు తిడుతున్నా సరే.