మన పేరు వెనక ఒక మడ అడవి

అహ్లోన్ యాంగోన్ నది ఒడ్డునే ఉంది. ఒకప్పుడు ఈ నగరపు రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనికి ఓడెక్కి వచ్చిన మనవాళ్లను ఇక్కడివారు ‘కోరంగీలు’ అన్నారు, చాలాసార్లు చిన్నచూపుతోనే. అది గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరు. 1839 తుఫానుకు ఆ రేవు దెబ్బతింది. తర్వాత ఓడలు కాకినాడ నుంచి కదిలినా మన పేరు మారలేదు.

కోరంగిలో ఇప్పుడున్నది మడ అడవి. ఉప్పెన జోరును తగ్గించే చెట్లవి. వంటచెరకుకు కొంత, రొయ్యల చెరువులకు కొంత పోయింది. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. కానీ చెట్లు కొట్టేసిన చోట నేల కుంగి, పోటునీరు నిలిచి, ఎండకు ఉప్పు పేరుకుంటుంది. అక్కడ మొక్క బతకదు. అందుకే స్వామినాథన్ ఫౌండేషన్, అటవీశాఖ, ఊరివాళ్లు కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. పోటునీరు వచ్చిపోవడం మొదలయ్యాక గట్ల వెంట మడ మొక్కలు నాటారు. కాపలా బాధ్యత ఊళ్లలోని వన సంరక్షణ సమితులది.

ఆ చెట్ల విలువ యాంగోన్ వాసులకు వేరే చెప్పాలా? 2008 మేలో నర్గీస్ వచ్చేనాటికి ఐరావతి డెల్టాలో మడ అడవి చాలావరకు వరిపొలాలైపోయింది. లక్షమందికి పైగా పోయారు.

ఈసారి కాకినాడ వెళ్తే పిల్లల్ని కోరంగి తీసుకెళ్లండి. చెక్కబాట మీద నడిపిస్తూ మన పేరు ఎక్కడిదో చెప్పండి.