పులికాటు రాజహంసలు

సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు బాట పులికాటు సరస్సును దాటి సాగును. ఒక శీతకాలపు టుదయమున నేనా బాటపై నిలిచి చూడగా, దూరమున నీటిమీద తెల్లని మబ్బు వ్రాలినట్లుండెను. అంతలో ఆ మబ్బు లేచెను. వేల రెక్కల క్రింది ఎరుపును నలుపును ఒక్కమారుగా బయటపడెను. అవి ఫ్లెమింగోలు. మనవారు వీనిని రాజహంసలందురు గాని, ఇవి హంసజాతిలోనివి కావు.

ఈ పక్షి నాలుగడుగుల యెత్తుండును. కాళ్లు సన్నని గులాబి కఱ్ఱలు. ముక్కు నడుమ వంగి, కొన నల్లగా నుండును. అది కాళ్లతో బురదను కలచి, తలను క్రిందుచేసి ముంచి, నాలుకతో నీటిని లోనికి లాగి వెలికి నెట్టును. ముక్కులోని సన్నని రేకులు జల్లెడవలె చిఱుపురుగులను, నాచును పట్టియుంచును. బూడిదవన్నె పిల్లకు పెద్దయిన పిదప గులాబివన్నె నిచ్చునది ఆ తిండియే.

ఇవి కచ్ఛ్ రణ్‌లో బురదదిబ్బలు కట్టి, దిబ్బకొక గ్రుడ్డు పెట్టును. 1945లో సాలిం ఆలీగారు అచ్చట సుమా రైదులక్షల పక్షులుండునని అంచనా వేసిరి.

ఇంతటి సమూహమునకు మేత దొరకుట నీటిలోతుపై ఆధారపడియున్నది. లోతు మిక్కుటమైన ముక్కు బురద నందుకొనలేదు. ఎండిన మేతయే లేదు. సముద్రపు ముఖద్వారము ఇసుకతో పూడినచో సరస్సునకు ఉప్పునీరు రాదు, చేపయు రాదు. కావున దానిని తెరచియుంచుట జాలరి వలకును, ఈ పక్షి ముక్కునకును ఒక్కటే మేలు.