చిరునామాలోని ప్రశ్న – డేటాబేస్‌లోని సమాధానము

గ్రంథాలయమునకు పోయి “పుస్తకములు కావలెను” అని మాత్రమే అడిగిన విద్యార్థికి గ్రంథపాలకుడు ఏమి ఇవ్వగలడు? “ఉర్దూ కథల పుస్తకములు, 1975 తరువాత అచ్చయినవి” అని అడిగినచో నేరుగా ఆ బీరువా వద్దకు పోవును. వెబ్‌సైట్లకును ఇదే న్యాయము వర్తించును. అక్కడ మన ప్రశ్నను మోసికొనిపోవునది చాలవరకు చిరునామాయే. దీనినే యూఆర్ఎల్ అందురు.

మేము తరగతిలో అభ్యాసమునకై తయారుచేసిన గ్రంథసూచికను ఉదాహరణగా తీసికొందము. దాని చిరునామా చివర ఇట్లుండును:

పుస్తకాలు/?భాష=ఉర్దూ&సంవత్సరం=1975

ప్రశ్నార్థకమునకు ముందున్న భాగము ఏ పుట కావలెనో తెలుపును. తరువాతి భాగము ఆ పుటలోని జాబితాను ఎట్లు వడపోయవలెనో తెలుపును. సమాన చిహ్నమునకు ఎడమవైపున పేరు, కుడివైపున విలువ ఉండును. ‘&’ గుర్తు ఒక జతను మరొక జతనుండి వేరుచేయును. ఈ జతలనే పారామీటర్లందురు.

మన అక్షరములు దారిలో ఇట్లే ప్రయాణింపవు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడు బైట్లు, ఉర్దూ అక్షరమునకు రెండు బైట్లు పట్టును. చిరునామాలో ఒక్కొక్క బైటు, శాతము గుర్తుతో కలిపి, మూడు గుర్తులుగా మారును. కావున తెలుగు సంకేతము తొమ్మిది గుర్తులు, ఉర్దూ అక్షరము ఆరు గుర్తులు అగును. గమ్యము చేరిన పిదప అవి మరల అక్షరములగును గనుక భాషాభిమానులు కలవరపడ నక్కరలేదు.

ఈ పనిని సులభము చేయు సాధనములే వెబ్ ఫ్రేమ్‌వర్కులు. వానిలో జాంగో ఒకటి. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున, లారెన్స్ పట్టణపు వార్తాపత్రికా కార్యాలయములో పుట్టి, 2005లో అందరికిని అందుబాటులోనికి వచ్చినది. ఇది పారామీటర్లను ‘రిక్వెస్ట్.గెట్’ అను నిఘంటువు వంటి దానిలో ఉంచును. అందుండి ‘భాష’ విలువను తీసికొని ‘ఫిల్టర్’ అను ఆజ్ఞకు అందించినచో ఉర్దూ పుస్తకములు మాత్రమే మిగులును. సంవత్సరము కూడ ఇచ్చియున్నచో దానికి మరొక ఫిల్టర్ తగిలింతుము; లేనిచో విడిచిపెట్టుదుము. ఎన్ని ఫిల్టర్లు తగిలించినను జాంగో తొందరపడి డేటాబేస్‌ను తట్టదు. ఫలితములు నిజముగా అవసరమైనపుడే అన్నిటిని ఒకే ఎస్‌క్యూఎల్ వాక్యముగా కూర్చి పంపును.

ఇంతవరకు సౌకర్యము. ఇక జాగ్రత్తల సంగతి. చిరునామా చదువరి చేతిలోని వస్తువు; దానిని అతడు తన ఇష్టము వచ్చినట్లు దిద్దగలడు. అందలి విలువలన్నియు అక్షరముల వరుసలుగానే వచ్చును. 1975 ఉండవలసిన చోట ఎవరైన ‘నిరుడు’ అని వ్రాయవచ్చును. కనుక సంఖ్యయా కాదా అని ముందుగా పరీక్షింపవలెను. వచ్చిన విలువను మన చేతులతో ఎస్‌క్యూఎల్ వాక్యములో అతికించుట మరింత ప్రమాదము. దుర్బుద్ధి గలవాడు విలువకు బదులు ఆజ్ఞనే పంపగలడు. ఫిల్టర్ విలువను వాక్యమునుండి వేరుగా పంపును గనుక ఆ విలువ ఆజ్ఞగా మారజాలదు.

అయినను ఫిల్టర్ కాపాడలేని తప్పు ఒకటి గలదు. దానిని మేమే చేసితిమి. మార్కుల పుటను కూడ అభ్యాసమునకై చేయించి, చిరునామాలో ‘విద్యార్థి=27’ అని ఉంచితిమి. ఒక చురుకైన విద్యార్థి 27ను 28గా మార్చినాడు. ప్రక్కవాని మార్కులు తెరపై ప్రత్యక్షమైనవి. తరగతి నవ్వినది, ఆ ప్రక్కవాడు మాత్రము తలవంచుకొనెను. ప్రోగ్రామ్ ఒక్క దోషమైన చూపలేదు. అడిగినదానిని సరిగా ఇచ్చినది. అడుగువాడెవడో మాత్రము చూడలేదు. మరునాడు లాగిన్ అయిన విద్యార్థి ఎవరో, వానికి సంబంధించిన వరుసలను మాత్రమే ముందుగా వేరుచేసి, ఆ పిదపనే చిరునామాలోని వడపోతను వర్తింపజేసితిమి.

విద్యార్థి మిత్రులారా! రేపు మీలో కొందరు బ్యాంకులకు, ఆసుపత్రులకు ఇట్టి పుటలు వ్రాయుదురు. చిరునామాలోని మాట విన్నపమే గాని అధికారపత్రము కాదని మరువకుడు. మంచి గ్రంథపాలకుడు అడిగిన పుస్తకమును తెచ్చి ఇచ్చును. అంతమాత్రమున ఒకరి ఉత్తరమును మరొకరి చేతిలో పెట్టడు.