చీటీల ఆట నుంచి కంప్యూటర్ ఆట దాకా

రాజు, మంత్రి, పోలీసు, దొంగ. ఈ నాలుగు చీటీల ఆట ఆడని హాస్టల్ విద్యార్థి అరుదు. నోటుబుక్కులో ఒక కాగితం చింపితే చాలు, ఆట సిద్ధం. పైసా ఖర్చు లేని ఈ ఆటను కంప్యూటర్ ఆటగా మార్చాలంటే ఏం చేయాలో తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. చదువు ముగించి వెళ్ళిన అన్నలు, అక్కలు కూడా పాత రోజులు తలచుకుంటూ చదవవచ్చు.

మొదటి పని, నియమాలు కాగితం మీద పెట్టడం. నలుగురు కూర్చుని, కలిపి విసిరిన చీటీల్లో తలా ఒకటి తీసుకుంటారు. రాజు తన చీటీ చూపించి "నా పోలీసెవరు?" అంటాడు. పోలీసు బయటపడి, మిగిలిన ఇద్దరిలో దొంగ ఎవరో చెప్పాలి. రాజుకు 1000, మంత్రికి 800, పోలీసుకు 500, దొంగకు సున్నా. పోలీసు తప్పు చెబితే ఆ 500 దొంగకు పోతాయి. ఊరిని బట్టి పేర్లు, అంకెలు మారుతుంటాయి. మనం ఆడేటప్పుడు ఏదైనా తేడా వస్తే అక్కడికక్కడే మాట్లాడుకుంటాం. కంప్యూటర్‌కు అలా కుదరదు. మొత్తం ఎన్ని ఆటలు? ఇద్దరికి సమానంగా వస్తే గెలుపెవరిది? మధ్యలో ఒకరు భోజనం గంట విని లేచిపోతే? అన్నీ ముందే రాసి ఇవ్వాలి.

రెండోది, చీటీలు కలపడం. నాలుగు చీటీలు నలుగురికి 24 రకాలుగా పడవచ్చు (4×3×2×1). ఈ 24కూ సమాన అవకాశం ఉంటేనే ఆట న్యాయమైనది. కాగితం చీటీలకు మడత, సిరా మరక గుర్తుపట్టే గడుగ్గాయిలు ప్రతి గదిలోనూ ఉంటారు. కంప్యూటర్‌లో ఆ బాధ లేదు. ఇందుకు మంచి పద్ధతిని రోనాల్డ్ ఫిషర్, ఫ్రాంక్ యేట్స్ 1938లో ప్రచురించారు. దాన్ని కంప్యూటర్‌కు అనువుగా 1964లో రిచర్డ్ డర్‌స్టెన్‌ఫెల్డ్ మార్చారు. నాలుగో చోట ఉన్న చీటీని 1 నుంచి 4 లోపు ఏదో ఒక చోటి చీటీతో మార్చాలి. మూడోదాన్ని 1 నుంచి 3 లోపు, రెండోదాన్ని 1 నుంచి 2 లోపు అలాగే మార్చాలి. ఉన్నచోటే వచ్చినా తప్పులేదు. అంతే, చీటీలు కలిసినట్లే.

మూడోది అసలు చిక్కు. పోలీసు గుడ్డిగా చెప్పినా సగం సార్లు సరిగ్గానే వస్తుంది. అంటే 20 ఆటల్లో సుమారు 10. అంతకు మించి పట్టుకునేవాడు దొంగ ముఖం చూసి, అదిరే పెదవి చూసి, అతి నవ్వు చూసి పట్టుకుంటాడు. నలుగురికీ నాలుగు ఫోన్లు ఇచ్చి నాలుగు గదుల్లో కూర్చోబెడితే ముఖం కనబడదు. మిగిలేది బొమ్మా బొరుసే!

ఈ చిక్కును ఇతరులు ఎలా విప్పారో చూద్దాం. 1986లో మాస్కో స్టేట్ యూనివర్సిటీలో దిమిత్రీ దవిదోవ్ అనే మనస్తత్వశాస్త్ర విద్యార్థి "మాఫియా" అనే ఆటను రూపొందించాడు. గుంపులో రహస్యంగా కలిసిపోయిన దోషులను మిగతావారు వాదించి పట్టుకోవాలి. అందులోంచి ప్రేరణ పొంది ఇన్నర్‌స్లాత్ సంస్థ 2018లో "అమాంగ్ అస్" విడుదల చేసింది. కరోనా కాలంలో, 2020లో, అది లోకమంతా ఆడింది. ముఖం కనిపించని లోటును వారు వేరే విధంగా పూడ్చారు. అంతరిక్ష నౌకలో ఎవరెక్కడ తిరిగారు, ఎవరు పని చేశారు, ఎవరు చేసినట్లు నటించారు అన్నవే ఆధారాలు. వాదన మాత్రం అలాగే ఉంచారు.

మన హాస్టల్‌కు ఇంకా సులువైన దారి ఉంది. ఒకే కంప్యూటర్ చుట్టూ నలుగురూ కూర్చోవాలి. ఒక్కొక్కరే వచ్చి మీట నొక్కి తన చీటీ చూసుకుని, మళ్ళీ నొక్కి దాచేయాలి. కలపడం, మార్కులు వేయడం కంప్యూటర్ పని. ముఖాలు చదవడం మన పని.

ఇంకొక్క మాట. కాగితం మరిచిపోతుంది, కంప్యూటర్ మరిచిపోదు. ముందే అనుకున్న ఒకరికి వరుసగా మూడుసార్లు దొంగ చీటీ పడే అవకాశం 64లో ఒకటి. అది కేవలం చీటీ మహిమ. అయినా "ఫలానావాడు 7 సార్లు దొంగ" అని తెర మీద పట్టిక కనిపిస్తే, ఆ పేరు ఆట అయ్యాక కూడా ఆ పిల్లవాణ్ణి వదలదు. హాస్టల్ పిల్లలనగానే అనుమానంగా చూసే చూపు మనకు కొత్త కాదు. అందుకే మార్కులు మాత్రమే దాచండి. ఎవరికి ఏ చీటీ పడిందో ఆట ముగియగానే చెరిపేయండి. ఇది తయారుచేసేవారి చేతిలోని నిర్ణయం.

ఇక నమూనా తయారీ. 2007లో ఎంఐటీ మీడియా ల్యాబ్ విడుదల చేసిన "స్క్రాచ్" ఉచితం. దిమ్మెల్లాంటి ఆదేశాలను ఒకదాని కింద ఒకటి పేర్చితే ప్రోగ్రాం అవుతుంది. మొదటి నమూనాకు రంగులు, సంగీతం అక్కరలేదు. చిన్న తరగతి పిల్లలు నలుగురిని కూర్చోబెట్టి, ఏమీ చెప్పకుండా ఆడనివ్వండి. ఎక్కడ ఆగిపోయారో, ఎక్కడ నవ్వారో రాసుకోండి. అనేక ఆటలు ఆడించాక కూడా పోలీసు సగానికి మించి పట్టుకోలేకపోతే, ఆటలో ప్రాణం ఎక్కడో జారిపోయిందన్నమాట. మళ్ళీ కాగితం దగ్గరకు వెళ్ళి సరిచేయండి.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈ ఆదివారమే ఒక కాగితం, ఒక పెన్ను తీసుకుని నియమాలు రాయడం మొదలుపెట్టండి. వచ్చే వార్షికోత్సవం నాటికి మీరు చేసిన ఆటను మేమంతా వచ్చి ఆడాలని కోరుకుంటున్నాను.