డప్పు లాక్కున్నా దరువు పోలేదు

1739 సెప్టెంబరు 9, ఆదివారం. అప్పట్లో బ్రిటిషు వలసగా ఉన్న దక్షిణ కరోలినాలో, స్టోనో నది దగ్గర సుమారు ఇరవై మంది ఆఫ్రికా బానిసలు తిరగబడ్డారు. ఆయుధాలు చేజిక్కించుకుని, జెండా ఎత్తి, రెండు డప్పులు వాయిస్తూ స్పెయిన్ ఏలుబడిలోని ఫ్లోరిడా వైపు నడిచారు. దారిలో మరెందరో కలిశారు. అదే రోజు సాయుధ దళం వారిని చుట్టుముట్టింది. ఇరువైపులా ప్రాణాలు పోయాయి. 1740లో వచ్చిన చట్టం బానిసలు డప్పులు, బూరలు వాడకూడదని శాసించింది. డప్పు మనుషుల్ని పిలుస్తుందని యజమానులకు అర్థమైంది.

'ఫంక్' సంగీతం గురించి రాస్తామని కూర్చుని బానిసల చట్టం దగ్గర మొదలుపెట్టారేమిటని పాఠకులు అనుకోవచ్చు. ఆ సంగీతపు తాతల ఇల్లు అక్కడే ఉంది మరి.

డప్పు పోయింది, చేతులూ కాళ్లూ మిగిలాయి. కరోలినా, జార్జియా తీరంలోని బానిసలు చిన్న చెక్క ప్రార్థనా గృహాల్లో కూడుకునేవారు. ప్రార్థన అయ్యాక బల్లలు పక్కకు జరిపి, గుండ్రంగా తిరుగుతూ పాడేవారు. ఒకరు కర్రతో చెక్క నేల మీద దరువు వేస్తుంటే, మిగతావారు చప్పట్లతో ఎదురు దరువు అందించేవారు. దీనిని 'రింగ్ షౌట్' అన్నారు. ఇందులో ఒక నియమం మాకు ఎంతో ముచ్చటగా తోస్తుంది. నడిచేటప్పుడు ఒక పాదం మరో పాదాన్ని దాటకూడదు. దాటితే నాట్యం, అంటే పాపం. దాటకపోతే ఆరాధన! ఈ రెంటి మధ్య గీత గీయడానికి సంఘం పాపం ఎప్పుడూ తంటాలు పడుతూనే ఉంది. మా సంఘంలోకి మొదటిసారి డ్రమ్స్ వచ్చిన రోజు అభ్యంతరం చెప్పినవారిలో మేమూ ఉన్నాం.

1906లో లాస్ ఏంజెలిస్‌లోని అజూసా వీధిలో మొదలైన ఉజ్జీవం తర్వాత చార్లెస్ మేసన్ నడిపిన 'చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్' వంటి నల్లవారి సంఘాలు ఆ గీతను చాలావరకు చెరిపేశాయి. 150వ కీర్తనలో తంబుర ఉంది, నాట్యమూ ఉంది. అందుకని వారు డ్రమ్ములను, గిటారును బలిపీఠం దాకా తెచ్చారు. తర్వాతి కాలంలో ఫంక్ సంగీతానికి ఒక స్తంభంగా నిలిచిన స్లై స్టోన్ (1943-2025) ఆ సంఘపు కుటుంబంలోనే పెరిగాడు. 1952లో తోబుట్టువులతో కలిసి క్రైస్తవ గీతాల రికార్డు ఇచ్చినప్పుడు ఆయన వయసు తొమ్మిదేళ్లు.

అసలు మలుపు జేమ్స్ బ్రౌన్‌ది. డప్పును నిషేధించిన ఆ దక్షిణ కరోలినాలోనే 1933లో పుట్టాడు. కటిక పేదరికం. దొంగతనానికి చిన్న వయసులోనే జైలుకు వెళ్లి, అక్కడ భక్తిగీతాల బృందం కట్టాడు. బాబీ బర్డ్ కుటుంబం ఆసరా ఇవ్వగా 1952లో విడుదలయ్యాడు. చర్చిలో నేర్చిన కేకను, మోకాళ్ల మీద పడటాన్ని వేదిక మీదికి ఎక్కించాడు. చర్చిలో చప్పట్లు రెండో దెబ్బకు, నాలుగో దెబ్బకు పడేవి. బ్రౌన్ మాత్రం బరువంతా మొదటి దెబ్బ మీద వేయమన్నాడు. 1965లో ఒక పాటలో ఇది తొంగిచూసింది. 1967లో 'కోల్డ్ స్వెట్'లో స్థిరపడింది. అందులో రాగం మారేది తక్కువ. గిటారు, బాకాలు, చివరికి గొంతు కూడా డప్పులే! ఒక్క డప్పును లాక్కున్నందుకు రెండు వందల ఏళ్ల తర్వాత అన్ని వాద్యాలూ డప్పులై జవాబిచ్చాయి. 'ఫంక్' అంటే ఘాటైన వాసన, ఒంటి చెమట కంపు. పాట పేరు కూడా చెమటే.

అలాగని దీనికి మేము పవిత్రత అంటగట్టబోము. ఆ పాటల్లో శరీరపు కోరికలే ఎక్కువ. బ్రౌన్ భార్యను కొట్టిన ఆరోపణలపై అరెస్టయ్యాడు, 1988లో మళ్లీ జైలుకెళ్లాడు. అయితే 'సాతాను సంగీతం' అని ఒక్కమాటలో కొట్టిపారేసేవారు దాని పుట్టిల్లు చూడలేదు. జార్జి క్లింటన్ బృందం 1975లో వేసిన 'మదర్‌షిప్ కనెక్షన్' సంగతే చూడండి. వేదిక మీదకు అంతరిక్ష నౌక దిగేది. ఆ పాటలోకి బానిసల పాత ఆత్మీయ గీతంలోని రథం వచ్చి చేరింది. అది ఏలీయాను ఎత్తుకుపోయిన రథమే.

అన్నిటికన్నా మాకు మనసులో మెదిలేది డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్. టెనెసీ రాష్ట్రంలోని చట్టనూగాలో ఫ్యాక్టరీల, రైళ్ల చప్పుళ్లు వింటూ దరువు నేర్చాడు. చదివి నేర్చింది కాదు. 1969 నవంబరులో సిన్సినాటిలో 'ఫంకీ డ్రమ్మర్' రికార్డు చేస్తుండగా, బ్రౌన్ మిగతావారిని ఆపి, కొద్ది సెకన్లు అతన్నే వాయించనిచ్చాడు. ఆ ముక్కను తర్వాతివారు కత్తిరించి వెయ్యికి పైగా పాటల్లో అతికించుకున్నారు. పాట హక్కు రాసినవాడిది, రికార్డు హక్కు కంపెనీది. వాయించినవాడికి ఏమీ లేదు. 2000లో క్యాన్సర్ వస్తే, అతన్ని అభిమానించే గాయకుడు ప్రిన్స్ ఆసుపత్రి ఖర్చు భరించాడు. ఎవరికీ చెప్పలేదు. 2016లో ప్రిన్స్ చనిపోయాకే క్లైడ్ ఆ సంగతి బయటపెట్టాడు.

డబ్బు కన్నా తన పేరు వేస్తే చాలని క్లైడ్ అనేవాడు. 2017 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. మూడు నెలలకు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆ పట్టా మీద అతని పేరుంది.