వైకల్య భృతి: మారిన పరిస్థితిని తెలియజేయుట ఎందుకు? ఎట్లు?

దువ్వాడ ప్రాంతపు బ్రతుకు యంత్రముతో ముడివడి ఉన్నది. 1933లో ప్రారంభమైన విశాఖ రేవు, 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగి 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారము, 1989లో ఎగుమతుల మండలిగా వెలసి నేడు ప్రత్యేక ఆర్థిక మండలిగా ఉన్న మన దువ్వాడ మండలి, వీని నీడలో వేలాది కుటుంబములు జీవించుచున్నవి. అన్నము పెట్టు యంత్రమే ఒక్కొక్కప్పుడు వేలును, చేతిని, చూపును హరించును. పుట్టుకతోనో, పోలియో వంటి వ్యాధి వలననో వైకల్యము పొందినవారును మన వీధులలో ఉన్నారు. వీరిని ఆదుకొనుటకు భృతులు, పింఛనులు ఏర్పడినవి. వానిని సంపాదించు మార్గము చెప్పువారు పలువురు కలరు. అవి లభించిన పిమ్మట జీవితములో కలుగు మార్పులను ఎవరికి, ఎప్పుడు, ఎట్లు తెలుపవలెనో చెప్పువారు అరుదు. ఆ లోటును కొంతవరకైనను తీర్చవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

విద్యార్థులకు ఈ విషయముతో ఏమి పని అని కొందరు అడుగవచ్చును. మన కళాశాల విద్యార్థులలో పలువురు తమ ఇంట మొదటిసారిగా ఉన్నత విద్య చదువుచున్నవారు. ఇంటికి వచ్చిన నోటీసు చదువువారు వారే. దరఖాస్తు వ్రాయువారు వారే. వారు వ్రాయు నాలుగు పంక్తులపై తండ్రి భృతియో, అవ్వ పింఛనో ఆధారపడి యుండును.

మార్పు అనగా నేమి?

భృతి మంజూరు చేయునాడు అధికారులు ఒక మనిషి పరిస్థితిని చూచి నిర్ణయము చేయుదురు. ఆ పరిస్థితి మారినచో నిర్ణయమును మరల చూడవలసి వచ్చును. ఇట్టి మార్పులు ముఖ్యముగా నాలుగు విధములు. మొదటిది శరీరమునకు సంబంధించినది: గాయము మానుట, లేదా ముదురుట. రెండవది పనికి, ఆదాయమునకు సంబంధించినది: తిరిగి పనిలో చేరుట, ఇంటిలో ఒకరికి ప్రభుత్వోద్యోగము వచ్చుట. మూడవది కుటుంబమునకు సంబంధించినది: మరణము, వివాహము, పునర్వివాహము, పిల్లలకు వయస్సు నిండుట. నాలుగవది చిరునామా, బ్యాంకు ఖాతా, పేరులోని అక్షరములు మొదలగు వివరములకు సంబంధించినది.

ఈ నాలుగవదానిని చిన్న విషయమని తలచరాదు. ఒకే మనిషి ఒక కాగితములో షేక్ అనియు, మరొక దానిలో ఎస్.కె. అనియు, ఒకచోట మహమ్మద్ అనియు, మరొకచోట ఎం.డి. అనియు నమోదగుట మన ఇండ్లలో సాధారణము. ఆధార్ కార్డులోని పేరు, బీమా కార్డులోని పేరు కలియనప్పుడు అర్హత ఉన్నను సొమ్ము ఆగిపోవచ్చును. మార్పు తెలుపుట అనునది ఇట్టి చిక్కుల నివారణతోనే మొదలగును.

కార్మిక బీమా: రెండు భృతులు, రెండు న్యాయములు

ఉద్యోగుల రాజ్య బీమా చట్టము 1948లో వచ్చినది. ఇ.ఎస్.ఐ. అని మనము పిలుచు పథకము ఇదియే. పని వలన గాయపడిన కార్మికునకు ఇందులో రెండు దశల భృతి కలదు. గాయము మానువరకు ఇచ్చునది తాత్కాలిక వైకల్య భృతి. సగటు దినవేతనములో సుమారు 90 శాతము లభించును. గాయము మానిన తరువాత మిగిలిన లోపమును వైద్య మండలి శాతములలో నిర్ణయించును. ఆ శాతము ననుసరించి జీవితాంతము ఇచ్చునది శాశ్వత వైకల్య భృతి.

ఈ రెంటికి గల భేదము తెలియకపోవుట చేతనే పలువురు పొరపడుచున్నారు. తాత్కాలిక భృతి పొందుచు, వేతనము తీసికొని పని చేసిన దినమునకు ఆ భృతి చెల్లదు. కనుక పనిలో చేరిన నాడే ఆ సంగతి తెలుపవలెను. భృతి కాలములో వైద్యుని చికిత్సలో ఉండుట, అనుమతి లేకుండ ఆ ప్రాంతము విడిచి పోకుండుట, పిలిచినప్పుడు పరీక్షకు వచ్చుట అను నియమములను కూడ 1948 చట్టము విధించినది. శాశ్వత భృతి సంగతి వేరు. అది పోయిన అవయవము వలన తగ్గిన సంపాదనా శక్తికి ఇచ్చు పరిహారము. పనిలో చేరినంత మాత్రమున అది ఆగదు. ఈ సంగతి తెలియక, పని దొరికిన సంగతి బయటపడునేమో అని భయపడుచు బ్రతుకువారు కలరు. ఆ భయము అక్కరలేనిది. అయితే తాము జీవించి యున్నామను ధ్రువపత్రమును నియమిత కాలమునకు వారు సమర్పించుచుండవలెను.

మార్పు తెలుపుట వలన భృతి తగ్గుట మాత్రమే జరుగునని తలచుట మరియొక పొరపాటు. ఒక ఉదాహరణము చూడుడు. దినమునకు సగటున 500 రూపాయలు సంపాదించు కార్మికుడు చూపుడు వ్రేలిని పూర్తిగా పోగొట్టుకొన్నాడనుకొందము. 1948 చట్టపు అనుబంధ పట్టికలో దీనికి 14 శాతము. 500లో 90 శాతము 450. అందులో 14 శాతము దినమునకు 63 రూపాయలు. ముప్పది దినములకు 1,890 రూపాయలు. కొన్ని సంవత్సరముల తరువాత అదే గాయము వలన చేయి బిగుసుకొనిపోయి, వైద్య మండలి వైకల్యమును 30 శాతముగా నిర్ణయించినదనుకొందము. అప్పుడు దినమునకు 135, నెలకు 4,050 రూపాయలు. తేడా 2,160 రూపాయలు. ముందుగా ఊహింపని రీతిలో గాయఫలితము గణనీయముగా ముదిరినప్పుడు మరల పరీక్షింపుమని కోరు అవకాశమును ఆ చట్టములోని 55వ విభాగము కల్పించినది. నోరు మెదపని కార్మికుడు ఈ సొమ్మును తానే వదులుకొన్నవాడగును.

పని గాయము వలన మరణించిన కార్మికుని ఆశ్రితులకు ఇచ్చు భృతి విషయములోను ఇట్టి పునఃపరిశీలన కలదు. జననము, మరణము, వివాహము, పునర్వివాహము, వయస్సు నిండుట, అశక్తత తొలగుట అను కారణములను 1948 చట్టము పేర్కొన్నది. భార్యకు ఈ భృతి పునర్వివాహము వరకే. ఒకరి వాటా తీరినప్పుడు మిగిలినవారి వాటాలను మరల లెక్కింపవలసి యుండును. కనుక ఒకరి మౌనము వలన తోబుట్టువుల హక్కుకు కూడ భంగము కలుగవచ్చును.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. 2025 నవంబరు 21 నుండి సామాజిక భద్రతా స్మృతి, 2020 అమలులోనికి వచ్చి, 1948 చట్టము స్థానమును గ్రహించినది. కావున పాత విభాగముల సంఖ్యలను దరఖాస్తులో ఉదహరింపక, జరిగిన మార్పును స్పష్టముగ వ్రాసి, ప్రస్తుత నిబంధనను బ్రాంచి కార్యాలయములో అడిగి తెలిసికొనవలెను.

రాష్ట్ర పింఛను

కార్మిక బీమా లేనివారికి రాష్ట్ర ప్రభుత్వపు పింఛనే ఆధారము. 2019 నుండి నెలకు 3,000 రూపాయలుగా ఉన్న వికలాంగుల పింఛను 2024 జూలై 1న ఎన్.టి.ఆర్. భరోసా పేరిట 6,000 రూపాయలు అయినది. మొత్తము రెట్టింపగుటతో పాటు పరిశీలనయు పెరిగినది. 2025లో వైద్య బృందములు వైకల్య శాతములను మరల పరీక్షించినవి. ఆ సంవత్సరము ఆగస్టులో, 40 శాతము కన్న తక్కువగా తేలినవారికి నోటీసులు అందినప్పుడు రాష్ట్రమంతట ఆందోళన కలిగినది. అర్హులమని భావించువారు అప్పీలు చేసికొనవచ్చునని ప్రభుత్వము ప్రకటించినది.

ఈ 40 శాతమే వికలాంగుల హక్కుల చట్టము, 2016 ప్రకారము ప్రయోజనములకు ప్రమాణము. ఆ చట్టము 1995 నాటి చట్టములోని 7 వైకల్యములను 21కి పెంచినది. వైద్య ధ్రువపత్రములలో శాశ్వతముగ చెల్లునవి, నిర్ణీత కాలమునకే చెల్లునవి అని రెండు రకములు కలవు. రెండవ రకము కలవారు గడువు తీరకముందే పునఃపరీక్షకు పోవలెను. ధ్రువపత్రముపై అసంతృప్తి కలిగినచో అప్పీలు చేయు హక్కును కూడ ఆ చట్టమే ఇచ్చినది.

పింఛనుకు వైకల్య శాతముతో పాటు కుటుంబ స్థితియు ప్రమాణమే. పట్టణ కుటుంబమునకు నెలకు 12,000 రూపాయల ఆదాయ పరిమితి కలదు. కుటుంబములో ప్రభుత్వోద్యోగి యున్నను, టాక్సీ, ఆటో, ట్రాక్టరు కాక నాలుగు చక్రముల సొంత వాహనమున్నను అర్హత ప్రశ్నార్థకమగును. కుమారునకు ఉద్యోగము వచ్చుట పండుగ దినమే. ఆ దినముననే సచివాలయమునకు పోవలసిన పని కూడ పుట్టినదని గుర్తింపవలెను. దువ్వాడ మహా విశాఖ నగరపాలక సంస్థలోనిది కనుక మనవారు సంప్రదింపవలసినది వార్డు సచివాలయములోని సంక్షేమ కార్యదర్శిని. పని కొరకో, వైద్యము కొరకో ఊరు విడిచి పోవువారు కూడ ముందుగా చెప్పి, అవసరమైనచో పింఛనును ఆ ఊరికి మార్పించుకొనుట మేలు. వరుసగా కొన్ని నెలలు తీసికొనని పింఛను ఆగిపోవు ప్రమాదము కలదు.

దాచుట వలన వచ్చు నష్టము

అమానత్ అను మాట మన ఇండ్లలో చిన్న పిల్లలకు సైతము తెలియును. ఒకరు నమ్మి మన చేత ఉంచిన సొమ్ము అది. కార్మికులందరి చందాతో నడచు బీమా నిధి, ప్రజలందరి పన్నుతో నడచు పింఛను నిధి అట్టివే. అర్హత పోయిన సంగతి తెలిసియు దాచుట అమానత్‌లో ఖయానత్ చేయుటయే. చట్టమును అట్లే చూచుచున్నది. వికలాంగులకు ఉద్దేశింపబడిన ప్రయోజనమును మోసముతో పొందినవారికి 2016 చట్టములోని 91వ విభాగము రెండు సంవత్సరముల వరకు కారాగారము గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునని చెప్పుచున్నది.

అయితే తెలియక చేసిన ఆలస్యము వేరు, తెలిసి చేసిన మోసము వేరు. అధికారులకు ఈ వివేకము ఉండవలెను. బ్రిటను దేశపు అనుభవమును చూడుడు. వికలాంగులను ఇంట చూచుకొనువారికి అచ్చట ఒక భృతి కలదు. 2024లో వారు వారమునకు 151 పౌండ్ల వరకు సంపాదించుకొనవచ్చును. అంతకు ఒక్క పౌండు మించినను ఆ వారపు భృతి మొత్తము పోవుచుండెను. సంపాదన వివరములు ప్రభుత్వమునకు చేరుచున్నను సకాలములో హెచ్చరింపకపోవుట వలన, పలువురు సంరక్షకులు తెలియకనే వేల పౌండ్ల బాకీలో చిక్కుకొన్నారు. తుదకు ప్రభుత్వము 2024లో స్వతంత్ర విచారణను ఏర్పాటు చేసి, 2025 ఏప్రిలులో పరిమితిని 196 పౌండ్లకు పెంచినది. మార్పును చెప్పుట పౌరుని ధర్మమైనచో, విని వెంటనే లెక్క సరిచేయుట కార్యాలయపు ధర్మమని ఈ ఉదంతము తెలుపుచున్నది.

ఎట్లు తెలుపవలెను?

నోటి మాటకు సాక్ష్యము లేదు. కౌంటరు వద్ద చెప్పి వచ్చితిమనువారు తరువాత దానిని రుజువు చేయలేరు. దరఖాస్తు రెండు ప్రతులు వ్రాయవలెను. అందులో పేరు, బీమా సంఖ్య లేదా పింఛను సంఖ్య, మారిన విషయము, మారిన తేదీ, జతపరచిన ఆధారములు, కోరుచున్నదేమో ఒక వరుసలో ఉండవలెను. ఒక ప్రతి కార్యాలయములో ఇచ్చి, రెండవ దానిపై తేదీతో ముద్ర వేయించుకొని ఇంట భద్రపరచవలెను. ఏ నెల నుండి ఎంత మార్పు కలుగునో వ్రాతపూర్వకముగ కోరవలెను. అదనముగ సొమ్ము జమ అయినదని తోచినచో దానిని ఖర్చు చేయక ఉంచి, ఆ సంగతి కూడ అదే దరఖాస్తులో వ్రాయవలెను. తిరిగి చెల్లింపవలసి వచ్చి, ఒక్కసారి కట్టు శక్తి లేనిచో వాయిదాలు కోరుటకు సంకోచింపరాదు. నోటీసు వచ్చినచో, అందులోని గడువును మొట్టమొదట చూడవలెను. కోపముతో చింపివేసిన నోటీసు వలన అప్పీలు హక్కు కూడ చేజారవచ్చును.

ఈ పనిలో మన విద్యార్థులకు ఒక విశేషమైన యోగ్యత కలదు. నికాహ్‌నామా ఉర్దూలో ఉండును. కార్యాలయపు దరఖాస్తు తెలుగులో వ్రాయవలసి యుండును. రెండు భాషలు తెలిసినవాడు ఆ రెంటి నడుమ నిలిచి, ఒక వితంతువునకో, చేయి పోయిన ఒక కార్మికునకో ఎంతయో మేలు చేయగలడు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక్క విన్నపము. ఉర్దూ, తెలుగు భాషలలో ఒక నమూనా దరఖాస్తును అచ్చు వేయించి గ్రంథాలయములో ఉంచుట, వారమునకు ఒక గంట ఉపాధ్యాయుని పర్యవేక్షణలో విద్యార్థులు ఇరుగుపొరుగువారి కాగితములు చూచి వ్రాసిపెట్టుట పెద్ద వ్యయముతో కూడిన పనులు కావు. అంతవరకు ప్రతి విద్యార్థి ఈ సెలవులలో తన ఇంటి పెట్టెలోని భృతి కాగితములను ఒకసారి బయటకు తీసి, అందులో వ్రాసిన పరిస్థితి నేటికిని నిజమేనా అని చూడవలెను. నిజము కానిచో, ఆ సాయంకాలమే రెండు తెల్ల కాగితములు తీసికొని కూర్చుండవలెను.