రేడియోలో ఊరి వార్త

రేడియో, సాహిత్యం అనే విషయం మీద చర్చ వచ్చినప్పుడల్లా మనవాళ్లు నాటకాన్ని గురించీ, లలితగీతాన్ని గురించీ, ప్రసంగాన్ని గురించీ మాట్లాడతారు. గోపీచంద్, బుచ్చిబాబు, రావూరి భరద్వాజ ఆకాశవాణిలో పనిచేశారని గుర్తు చేస్తారు. వార్తను మాత్రం సాహిత్యానికి సంబంధం లేని వ్యవహారంగా పక్కన పెడతారు. ఇది సరైన దృష్టి కాదని నా అభిప్రాయం. నాటకం ఎప్పుడో ఒకసారి వస్తుంది. వార్త రోజూ వస్తుంది. ఏది చెప్పదగిన సంగతి, ఎవరిది వినదగిన గొంతు, ఏ తెలుగు ప్రమాణమైన తెలుగు అనే మూడు విషయాలనూ శ్రోత మనస్సులో స్థిరపరచడంలో వార్తకు పెద్ద పాత్ర ఉంది.

మన రేడియో కేంద్రాలు ఒక్కొక్కటిగా, వేర్వేరు పరిస్థితుల్లో పుట్టాయి. మద్రాసు కేంద్రం 1938లోనూ, విజయవాడ 1948లోనూ ప్రారంభమయ్యాయి. 1930లలో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చిన డెక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణి హైదరాబాదు కేంద్రమైంది. కడప, విశాఖపట్నం కేంద్రాలు 1963లో వచ్చాయి. 1980ల రెండో సగం నుంచి ఆదిలాబాదు, కొత్తగూడెం, వరంగల్లు, నిజామాబాదు వంటి చోట్ల స్థానిక కేంద్రాలు వెలిశాయి. సంఖ్య పెరిగింది. మరి ఈ కేంద్రాల మధ్య సంబంధం ఏమిటి?

ఆ సంబంధానికి ఒకే ఒక పేరుంది: రిలే. ఢిల్లీలో తయారైన తెలుగు వార్తలను దశాబ్దాలపాటు మన కేంద్రాలన్నీ రిలే చేశాయి. హైదరాబాదు ప్రాంతీయ వార్తా విభాగం తయారు చేసిన వార్తలను చిన్న కేంద్రాలు రిలే చేస్తాయి. జిల్లాలలో పార్ట్ టైమ్ విలేకరులు ఉన్నారు, నిజమే. వారు పంపిన సమాచారం రాజధానికి వెళుతుంది. అక్కడ రెండు వాక్యాలుగా కుదించబడి, మళ్లీ జిల్లాకు తిరిగి వస్తుంది. దీనిని సహకారం అనలేం. ఇది పైనుంచి కిందికి పారే కాలువ. పక్క పొలానికి నీరు మళ్లించుకునే తూము దీనికి లేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆదిలాబాదు మార్కెట్లో పత్తి ధర హఠాత్తుగా పడిపోయిందనుకోండి. రాష్ట్ర వార్తల్లో అది ఒక వాక్యం. కాని ఆదిలాబాదు రైతుకు కావలసింది, అదే రోజు వరంగల్లు ఏనుమాముల మార్కెట్లో ధర ఎంత పలికింది, ఖమ్మంలో ఎంత అన్నది. మూడు చోట్లా ధర ఒకేసారి పడితే కారణం ఒకటి. ఒక్క చోటనే పడితే కారణం మరొకటి. ఈ తేడా తెలియాలంటే మూడు ప్రాంతాల కేంద్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. అప్పుడు గాని ధర అనే అంకె వెనుక ఉన్న దళారి కనిపించడు.

నేనుండే సికింద్రాబాదునే చూడండి. దక్షిణ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం 1966 నుంచీ ఇక్కడే ఉంది. ఇక్కడ కాగితం మీద ఒక పాసింజరు బండిని రద్దు చేస్తారు. దాని ఫలితాన్ని అనుభవించేది కాజీపేటలో, డోర్నకల్లులో తెల్లవారుజామునే పనికి బయలుదేరే కూలీ. ఉత్తర్వు పుట్టిన చోటు ఒకటి, దాని బరువు పడిన చోటు మరొకటి. హైదరాబాదు కేంద్రం ఉత్తర్వును చెప్పగలదు. ఆ కూలీ మాటను చెప్పగలిగేది వరంగల్లు, కొత్తగూడెం కేంద్రాలు. రెండూ కలిస్తేనే అది పూర్తి వార్త. లేకపోతే అది ప్రకటన మాత్రమే.

ఇతర దేశాలలో ఈ దిశగా ప్రయత్నాలు జరిగాయి. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రపు ప్రజా రేడియో కేంద్రాలు, డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్, శాన్ ఆంటోనియో నగరాలవి, 2019లో జాతీయ సంస్థ ఎన్.పి.ఆర్.తో కలిసి ఉమ్మడి వార్తా విభాగాన్ని ఏర్పరచుకున్నాయి. తర్వాత అలబామా, మిసిసిపి, లూసియానా కేంద్రాలు ఇదే దారి పట్టాయి. ఎవరి కేంద్రం వారిదే. విలేకరులూ సంపాదకులూ ఉమ్మడి. అయితే 2025 జూలైలో అక్కడి కాంగ్రెసు ప్రజా ప్రసారాలకు ఇచ్చిన 110 కోట్ల డాలర్లను వెనక్కి తీసుకున్నది. సహకారం ఎంత మంచిదైనా డబ్బు సంచి తాళం ప్రభుత్వం చేతిలో ఉంటే ఏమవుతుందో దీనివల్ల తెలుస్తుంది.

మన దేశంలో తాళం మరీ గట్టిది. అత్యవసర పరిస్థితి కాలంలో ఆకాశవాణి ప్రభుత్వవాణిగా మారిన అనుభవం నుంచి వర్గీస్ కమిటీ 1978లో స్వతంత్ర ట్రస్టును సూచించింది. 1990లో చట్టమైన ప్రసార భారతి 1997లో గాని అమలులోకి రాలేదు. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలకు గాని, కమ్యూనిటీ రేడియోలకు గాని సొంత వార్తలు ప్రసారం చేసే హక్కు లేదు. జహీరాబాదు దగ్గర మాచనూరులో దళిత స్త్రీలు 2008 నుంచీ సంఘం రేడియో నడుపుతున్నారు. విత్తనాన్ని గురించి, వంటను గురించి, పాటను గురించి తమ యాసలో మాట్లాడుకోగలరు. తమ మండలంలో జరిగిన సంఘటనను వార్తగా చెప్పడానికి మాత్రం నిబంధన అడ్డం. పత్రికకు, టెలివిజన్‌కు ఉన్న హక్కు ఈ స్త్రీల మైకుకు ఎందుకు లేదు?

కనుక సహకారం అంటే యంత్రాలను కలపడం కాదు. చిన్న కేంద్రానికి సొంత విలేకరి, సొంత బులెటిన్ ఉండాలి. పక్క జిల్లా కేంద్రంతో నేరుగా వార్తను పంచుకునే అధికారం ఉండాలి. రాజధాని కేంద్రం కూడా చిన్న కేంద్రం గొంతును రిలే చేయాలి. ఈ మూడూ లేకుండా కేంద్రాలు ఎన్ని కలిసినా ఒకే మాట పదిచోట్ల వినిపిస్తుంది, అంతే.

ఇందులో రచయితల పని ఏమిటి? భాష. తెలంగాణ రైతు ‘చెల్క’ అంటే బులెటిన్ ‘మెట్ట భూమి’ అంటుంది. మాట మారడంతో పాటు ఆ ఎర్రనేల, ఆ నేలకు తగిన పంట, ఆ మనిషి కూడా వార్త నుంచి జారిపోతారు. వార్త ఊరి నుంచి వస్తే ఊరి మాట కూడా దానితో వస్తుంది. ఆ మాటకు ప్రామాణికత కల్పించవలసినవాళ్లం మనం.

విద్యార్థి మిత్రులకు ఒక సూచన. ఒక వారం రోజులు ప్రాంతీయ వార్తలు విని, అందులో వచ్చిన ఊళ్ల పేర్లు రాసుకోండి. ఎవరు అన్నారని చెప్పారో, ఎవరిని గురించి చెప్పారో రెండు వరుసలుగా విడదీయండి. మంత్రీ అధికారీ ఏ వరుసలో ఉన్నారో, కూలీ రైతూ ఏ వరుసలో ఉన్నారో లెక్క వేయండి. ఈ లెక్కతో విమర్శ మొదలు పెడితే, స్థానిక వార్తను గురించి మనం అడగవలసిన ప్రశ్నలు వాటంతట అవే బయటపడతాయి.